ఎడారి పట్నానికి వెళ్లే మన బిడ్డలతో నాలుగు మాటలు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ బడి పంతులం. సభలో నిలబడి తెలుగులో మాట్లాడే అలవాటు మాకు తక్కువ. అయినా మన పిల్లలు ఎక్కువమంది తెలుగు బడుల్లోనే చదువుకున్నారు. ఉర్దూలో చెబితే మన ఇళ్లల్లో సగం మందికి మాట చేరదు. కాబట్టి తెలుగులోనే చెబుతున్నాము. తప్పులు దొర్లితే పెద్దలు మన్నించవలసిందిగా మనవి.

కార్యదర్శి గారు మమ్మల్ని విద్యను గురించి మాట్లాడమన్నారు. వారి అనుమతితో విషయం కొంచెం మార్చుకుంటున్నాము. ఎందుకంటే పోయిన నెలలో ఒక సాయంత్రం మా పాత విద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. మా దగ్గర ఏడో తరగతి దాకా చదివి, హైదరాబాదు వెళ్లి, ఆరేళ్లుగా ఏ.సి. మెకానిక్కుగా పని చేసుకుంటున్నాడు. సౌదీ అరేబియాలో బురైదా అనే పట్నానికి వీసా వచ్చిందట. సలాము చేసి, "సార్, మీరు ఆ ఊళ్లోనే ఉండి వచ్చారంట గదా. ఎట్టుంటది సార్ అక్కడ?" అని అడిగాడు. వెనకాల వాకిట్లో వాళ్లమ్మ నిలబడి ఉన్నది. మేము ఆమె ముఖం వంక చూచి, "బాగుంటుంది లేరా, నాలుగు రోజుల్లో అలవాటు పడిపోతావు" అన్నాము. తల్లీ కొడుకులు సంతోషంగా వెళ్లారు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఇరవై ఏళ్ల కిందట మేము ప్రయాణమైనప్పుడు ఒక పెద్దమనిషి మాతోనూ సరిగ్గా ఇదే మాట అన్నాడు. అది పూర్తిగా అబద్ధం కాదు గాని, నిజం కూడా కాదు. ఆ అబ్బాయికి చెప్పవలసి ఉండి చెప్పని మాటలు ఈ రోజు మీ అందరి ఎదుట చెబుదామని నిలబడ్డాము.

మాది గురజాల దగ్గర పల్లె. 1998లో చదువు కోసం హైదరాబాదు చేరాము. డిగ్రీ అయ్యాక ఒక దుకాణంలో లెక్కలు రాసే పని దొరికింది. మెహదీపట్నంలో గది. 2004లో బురైదాలో ఒక కాంట్రాక్టు కంపెనీలో స్టోరు చూసే ఉద్యోగానికి వెళ్లాము. 2008 చివరలో తిరిగి వచ్చి, డి.యస్సీ. రాసి, పంతులమైనాము. బురైదా అనేది రియాద్ నగరానికి వాయవ్యంగా సుమారు 350 కిలోమీటర్ల దూరాన ఉన్న ఊరు. ఖసీం ప్రాంతానికి ముఖ్యపట్నం. ఖర్జూరానికి పెట్టింది పేరు.

మొదట ఎండ సంగతి. పల్నాటి వాడికి ఎండను గురించి చెప్పేదేమిటి అంటారు. మేమూ అట్లాగే అనుకున్నాము. వేసవి వస్తే రెంటచింతల పేరు పేపర్లో పడని సంవత్సరం ఉన్నదా? నాపరాతి నేల మీద చెప్పుల్లేకుండా నడిచి బడికి వెళ్లినవాళ్లం. మిరప కల్లాల్లో మధ్యాహ్నం పూట పని చేసినవాళ్లం. "ఎండ మాకు కొత్తా?" అని మీసం మెలివేసి విమానం ఎక్కాము.

అదే మా మొదటి పొరపాటు. ఇక్కడి ఎండలో మనిషికి చెమట కారుతుంది, చొక్కా తడుస్తుంది, దాహం వేస్తుంది, నీళ్లు తాగుతాడు. అక్కడ గాలిలో తేమ లేదు. చెమట పట్టడం పట్టడమే ఆరిపోతుంది. చొక్కా పొడిగా ఉంటుంది గాని, మెడ దగ్గర ఉప్పు చారలు మాత్రం తెల్లగా కనిపిస్తాయి. ఒంట్లో నీరు పోతున్నదని మనిషికి తెలియదు. మా కంపెనీలో మూడో వారంలోనే పల్నాటి వాడు ఒకడు కూలబడ్డాడు. ఆ పల్నాటి వాడు మేమే. స్టోరు యార్డులో ఇనుప ఊచల లెక్క చూస్తూ కళ్లు తిరిగి పడ్డాము. తెలివి వచ్చేసరికి వాచ్‌మన్ తాత, సూడాన్ దేశస్థుడు, మా తల మీద తడిగుడ్డ వేసి, నోట్లో ఉప్పు కలిపిన నీళ్లు చుక్క చుక్కగా పోస్తున్నాడు.

కాబట్టి వెళ్లే బిడ్డలారా, వినండి. ఎండలో పని చేసేవాడు దాహం కోసం చూడరాదు. పదిహేను ఇరవై నిమిషాలకొక గ్లాసు నీరు తాగుతూ ఉండాలి. మూత్రం ముదురు పసుపు రంగులోకి వచ్చిందంటే ఒంట్లో నీరు తగ్గిందని గుర్తు. ఎండలో ఉన్న మనిషి తికమకగా మాట్లాడినా, ఒళ్లు కాలిపోతూ తూలినా, అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, ఆస్పత్రికి తీసుకుపోవాలి. గల్ఫు నుంచి తిరిగి వచ్చిన నేపాలీ కూలీల్లో మూత్రపిండాలు చెడిపోయినవారు ఎక్కువగా కనబడుతున్నారని ఆ దేశపు డాక్టర్లు చెబుతున్నారు. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు, జాగ్రత్త కోసం చెబుతున్నాము. ఇప్పుడు సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదనే నిబంధన ఉన్నది. కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు ఆఖరు దాకా 11 నుంచి 4 వరకు. ఆ కువైట్‌లోనే మిత్రిబా అనే చోట 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. ఆ గంటల్లో పనికి పొమ్మంటే, అది చట్టవిరుద్ధమని మీకు తెలిసి ఉండాలి.

అట్లాగని చలి ఉండదనుకోవద్దు. శీతాకాలం రాత్రుల్లో బురైదాలో పళ్లు గడగడలాడే చలి. "ఎడారికి దుప్పటి ఎందుకు" అని మా అమ్మీ పెట్టిన దుప్పటిని పెట్టెలోంచి తీసి అవతల పెట్టి వెళ్లాము. డిసెంబరులో ఆ దుప్పటి గుర్తుకు వచ్చి ఏడుపు వచ్చింది. ఇక ఇసుక గాలి. మన దగ్గర గాలిదుమారం అరగంట లేచి పోతుంది. అక్కడ ఆకాశం అంచున గోడలాగా ఎర్రగా లేచి వస్తుంది. ఒక్కొక్కసారి రోజంతా పోదు. తలుపు సందుల్లో తడి తువ్వాళ్లు కుక్కి కూర్చోవాలి. అన్నంలో, పళ్ల సందుల్లో, చివరికి కాగితాల మధ్య కూడా ఇసుకే.

రెండోది గడియారం సంగతి. హైదరాబాదులో పొద్దున ఎనిమిదికి లేచి బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడే మాకు, ఆ ఊరి వేళలు వింతగా తోచాయి. మిట్టమధ్యాహ్నం బజారు మూత. నడి వీధిలో పిల్లి కూడా అగుపడదు. అస్ర్ నమాజు తర్వాత ఊరు మేలుకుంటుంది, అర్ధరాత్రి దాకా దీపాలు. ఆగస్టు నెలలో ఖర్జూరపు సంత మొదలైతే ఇంకా చీకటి ఉండగానే బండ్లు బారులు తీరుతాయి. సుక్కరీ ఖర్జూరం పెట్టెలు పెట్టెలుగా వేలం పాడతారు. ఎండ ఎక్కేసరికి సంత ముగిసిపోతుంది. మొదట్లో ఇది సోమరితనం అనుకున్నాము. తర్వాత తెలిసింది, ఎండతో పోట్లాడకుండా బతకడం ఆ ఊరివాళ్లు తరతరాలుగా నేర్చుకున్న పద్ధతి. మా అబ్బా కూడా వేసవిలో తెల్లారక ముందే పొలం పోయి పది గంటలకల్లా తిరిగి వచ్చేవారు. ఆయన చేసింది మేము హైదరాబాదు పోయి మరిచిపోయాము, అంతే.

నీటి సంగతి కూడా ఇంతే. మేమున్న రోజుల్లో అక్కడ పెట్రోలు కంటే సీసా నీళ్ల ఖరీదు ఎక్కువ. కువైట్‌లో 1953లో సముద్రపు నీటిని మంచినీరు చేసే తొలి కర్మాగారం రాక ముందు, షత్తుల్ అరబ్ నది నుంచి పడవల్లో నీరు తెచ్చి అమ్మేవారు. ఖసీం ప్రాంతంలో భూమి అడుగున వేల సంవత్సరాల నాటి నీరు ఉన్నది. దాన్ని లోతు బోర్లతో తోడి, ఎడారిలో గోధుమ పండించి విదేశాలకు కూడా అమ్మారు. ఆ నీరు తరిగిపోతున్నదని గ్రహించి 2008లో గోధుమ కొనుగోళ్లు తగ్గించాలని నిర్ణయించి, 2016 నాటికి ఆపేశారు. 1967 ఆగస్టులో సాగర్ కాలువలకు నీరు వదిలిన తర్వాత మన పల్నాడు మెట్ట తెరిపిన పడింది గాని, కాలువ అందని ఊళ్లలో మనం బోరు మీద బోరు వేస్తూనే ఉన్నాము. పారే ఏటి ఒడ్డున వుజూ చేసినా నీటిని వృథా చేయరాదని మౌల్వీ సాబ్ చిన్నప్పుడు చెప్పిన మాటకు అర్థం మాకు బురైదాలో తెలిసింది.

ఎండ, నీరు, గడియారం. ఈ మూడూ ఆరు నెలల్లో ఒంటికి పట్టాయి. ఒంటికి పట్టనిది ఇంకొకటి ఉన్నది. అసలు చెప్పవలసిన మాట అదే.

మొదటి వారంలో ఒక ముసలి అరబ్బు మా యార్డు గేటు దగ్గరికి వచ్చి, మమ్మల్ని చూపించి వాచ్‌మన్ తాతను ఏదో అడిగాడు. తాత "గరీబ్" అన్నాడు. మాకు ఒళ్లు మండింది. ఆబిడ్స్‌లో కొన్న కొత్త చొక్కా తొడుక్కుని ఉంటే మమ్మల్ని గరీబు అంటాడా! రెండు రోజులు తాతతో మాట్లాడలేదు. తర్వాత రెండు భాషలూ తెలిసిన మలయాళీ డ్రైవరు ఒకడు నవ్వి చెప్పాడు. అరబ్బీలో గరీబ్ అంటే పరదేశి, పరాయి ఊరివాడు. పేదవాణ్ణి వాళ్లు ఫకీర్ అంటారు, మిస్కీన్ అంటారు. ఆ మాట మన ఉర్దూలోకి వచ్చేసరికి పరదేశి కాస్తా పేదవాడైనాడు. తనవాళ్లు దగ్గర లేనివాడే అసలు పేదవాడని మన పూర్వులు అనుకున్నారేమో. నాలుగేళ్లలో మాకు రెండు అర్థాలూ తెలిశాయి.

హైదరాబాదులో కూడా మేము ఒంటరివాళ్లమే. అయినా అక్కడ గది లోంచి బయటికి వస్తే మనుషులు. ఇరానీ హోటల్లో ఒక్క చాయ్ తాగుతూ గంట కూర్చోవచ్చు. పక్క బల్ల మీద ఎవడో రాజకీయం మాట్లాడతాడు, మనమూ ఒక మాట వేస్తాము. దిగులు పుడితే సాగర్ మీదుగా మాచర్ల బస్సు ఎక్కితే చాలు, తెల్లారేసరికి అమ్మీ చేతి జొన్నరొట్టె. బురైదాలో సాయంత్రం నడుద్దామని బయలుదేరితే రోడ్డు నిండా కార్లే, నడిచేవాడు మేమొక్కళ్లమే. సినిమా లేదు. హోటల్లో పెళ్లాం పిల్లలున్నవాళ్లకు ఒక వైపు, ఒంటరి మగవాళ్లకు ఒక వైపు. గదిలో ఆరుగురం, ఇనుప మంచాలు ఒకదాని మీద ఒకటి. శుక్రవారం జుమా నమాజు అయ్యాక ఆ మధ్యాహ్నం ఎంతకీ తెమిలేది కాదు. గోడకు తిరిగి పడుకుని అందరూ నిద్ర నటించేవారు.

అప్పుడు వారానికొకసారి కార్డు కొని ఫోను చేసేవాళ్లం. అబ్బా తీసేవారు. "ఎట్లున్నావు బేటా?" "బాగున్నాను అబ్బా. ఏ.సి. గది, మంచి భోజనం. మీరు?" "మాకేం బేటా, అంతా బాగానే ఉన్నది." ఇదే మాట వారం వారం. కళ్లు తిరిగి పడినట్టు మేము చెప్పలేదు. రెండు నెలలు జీతం ఆలస్యమైనట్టు చెప్పలేదు. చెబితే వీసా కోసం తాకట్టు పెట్టిన మిరప చేను అబ్బా కళ్ల ముందు ఆడుతుందని మా భయం. అవతల అబ్బా తన ఛాతీ నొప్పి సంగతి చెప్పలేదు. చెప్పవద్దని అమ్మీ చేత ఒట్టు వేయించుకున్నారట. చెబితే కొడుకు ఉద్యోగం వదిలి వస్తాడని ఆయన భయం.

2007లో ఒక రోజు ఫజ్ర్ వేళ తమ్ముడు ఫోను చేశాడు. అబ్బా పోయారు.

మేము ఆఫీసుకు పరుగెత్తాము. పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉన్నది. దేశం విడిచి వెళ్లి తిరిగి రావడానికి యజమాని సంతకం కావాలి, యజమాని వేరే ఊళ్లో ఉన్నాడు. ఇక్కడ మళ్లీ ఒక భాష సంగతి చెబుతాము, పంతులం గదా. మన ఉర్దూలో ఇజాజత్ అంటే అనుమతి, రుఖ్సత్ అంటే సెలవు, వీడ్కోలు. అరబ్బీలో ఇవే మాటలు తారుమారైనాయి. అక్కడ ఇజాజా అంటే సెలవు, రుఖ్సా అంటే అనుమతి పత్రం. ఆ గుమాస్తా ఎదుట నిలబడి ఏ మాట ఏ అర్థంలో వాడుతున్నామో తెలియక రెండూ కలిపి అడిగాము. కాగితం చేతికి రావడానికి ఆరు రోజులు పట్టింది. ఎనిమిదో రోజు ఊరు చేరాము. జనాజాకు భుజం ఇవ్వలేకపోయాము. కబరు మీద మట్టి అప్పటికే ఎండిపోయి ఉన్నది.

హైదరాబాదుకూ బురైదాకూ తేడా ఏమిటని ఎవరన్నా అడిగితే మేము చెప్పేది ఇదే. హైదరాబాదు నుంచి ఇంటికి దూరం కిలోమీటర్లలో ఉన్నది. బురైదా నుంచి కాగితాల్లో ఉన్నది.

ఇప్పుడు కొంత మారింది. 2021 మార్చి 14 నుంచి సౌదీలో చాలామంది పనివాళ్లు యజమాని సంతకం లేకుండానే తమంతట తాము కంప్యూటరు ద్వారా రాకపోకల అనుమతి తీసుకోవచ్చు. అయితే ఇంటి పనివాళ్లకు, ఇంటి డ్రైవర్లకు, గొర్రెల కాపరులకు, తోటమాలులకు ఆ సవరణ వర్తించలేదు. మన వైపు నుంచి వెళ్లేవాళ్లలో ఈ పనులకు పోయేవాళ్లూ ఉన్నారు. కాబట్టి వీసా మీద ఏ పని రాసి ఉన్నదో చదివించుకోనిదే ఎవరూ కదలవద్దు. పాస్‌పోర్టు పనివాడి దగ్గరే ఉండాలనేది అక్కడి నియమం కూడా.

కాగితాల సంగతి ఇంకొంచెం. పదో తరగతి పాసు కాని వారి పాస్‌పోర్టు ఇ.సి.ఆర్. రకం. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం వాళ్లు గల్ఫు దేశాలకు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రంట్స్ అనుమతి తీసుకోవాలి. విజిట్ వీసా మీద పోయి అక్కడ పని చూసుకోవచ్చని ఎవరన్నా చెబితే, ఆ మనిషి వాకిలి తొక్కవద్దు. లైసెన్సున్న ఏజెంటు పనివాడి దగ్గర సర్వీసు చార్జీ కింద తీసుకోదగినది 30,000 రూపాయలు, దాని మీద జి.యస్.టి. మాత్రమే. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 275 రూపాయలు కడితే రెండేళ్లకు, 375 కడితే మూడేళ్లకు 10 లక్షల ప్రమాద బీమా ఉన్నది. ఒక షేర్వానీకి పెట్టే ఖర్చులో ఇది ఎన్నో వంతు? కాంట్రాక్టు, వీసా, పాస్‌పోర్టు నకళ్లు ఒక కట్ట ఇంట్లో, ఒక కట్ట మన సంఘం ఆఫీసులో ఉంచండి. కష్టం వస్తే విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలన్నా ఈ నకళ్లే ఆధారం.

ఇక ఇంటి దగ్గర ఉండే తల్లులకూ, అక్కచెల్లెళ్లకూ, కోడళ్లకూ ఒక మాట. ఇప్పుడు సెల్‌ఫోనులో ముఖం చూచి మాట్లాడుతున్నాము. కొడుకు నవ్వుతున్నాడు, బాగున్నాడు అనుకుంటున్నాము. ఫోనులో ముఖం కనబడుతుంది గాని, నడుం నొప్పి కనబడదు. "బాగున్నావా" అని అడిగితే "బాగున్నా" అనే జవాబు వస్తుంది. "ఇవ్వాళ ఏం తిన్నావు? ఎండలో ఎన్ని గంటలు ఉన్నావు? జీతం పడిందా? నీ పక్క మంచం వాడు ఎవరు?" అని అడగండి. మీ ఇంట్లో జబ్బు ఉంటే దాచవద్దు. దాచిన ప్రేమ వల్ల మా ఇంట్లో ఏమైందో విన్నారు గదా. వాళ్లు పంపే డబ్బులో కొంత వాళ్ల పేరనే బ్యాంకులో వేయండి. మేము నాలుగేళ్లు పంపినదంతా చేను విడిపించడానికీ, చెల్లెలి పెళ్లికీ సరిపోయింది. అందుకు మాకు బాధ లేదు. కాని తిరిగి వచ్చిన రోజున మా చేతిలో పుస్తకాలు కొనుక్కునే డబ్బు కూడా లేదు.

తిరిగి వచ్చినవాణ్ణి కూడా కొంచెం ఓపికతో చూడండి. వచ్చిన కొత్తలో నరసరావుపేట బస్టాండు గోల వింటే మాకు తల తిరిగేది. నలుగురు ఒక్కసారే మాట్లాడితే బయటికి లేచి పోయేవాళ్లం. "గల్ఫు పోయొచ్చాడు, గర్వం ఎక్కింది" అన్నారు. గర్వం కాదు, నాలుగేళ్ల నిశ్శబ్దం ఒంట్లోంచి పోవడానికి టైము పట్టింది.

అంతా కష్టమేనని చెబితే అదీ అబద్ధమే అవుతుంది. రాత్రిపూట బురైదా ఊరి బయట ఇసుక మీద పడుకుని చూచిన నక్షత్రాలు హైదరాబాదులో ఎన్నడూ చూడలేదు. వాచ్‌మన్ తాత రంజాన్‌లో తన ఖర్జూరాలు మూడు మాకిచ్చి రెండు తాను తినేవాడు. అబ్బా పోయిన వార్త వచ్చిన రోజున గదిలో మిగతా ఐదుగురూ, అందులో ఇద్దరు హిందువులు, ఒక క్రైస్తవుడు, పని మానుకుని మా పక్కన కూర్చున్నారు. మా టిక్కెట్టుకు తక్కువపడిన డబ్బు వాళ్లే వేశారు. గరీబులకు గరీబులే తోడు. ఏ అర్థంలో తీసుకున్నా ఆ మాట నిజమే.

చివరగా సంఘానికి మా విన్నపం. వెళ్లేవాళ్లకు ఏడాదికి రెండుసార్లు మూడు రోజుల శిక్షణ పెడదాము. అరబ్బీ అంకెలు, నిత్యం వాడే యాభై మాటలు మేము నేర్పుతాము. ఎండ జాగ్రత్తలు మన డాక్టరు గారు, కాగితాల సంగతి మన వకీలు గారు చెబుతారని ఆశిస్తున్నాము. సంఘం తరపున ఒకరు వెళ్లినవాళ్ల పేర్లు ఒక పుస్తకంలో రాసుకుని, నెలకొకసారి ఫోను చేసి పలకరించాలి. దీనికి పెద్ద ఖర్చు లేదు.

మేము మొదట చెప్పిన అబ్బాయి ఇక్కడే వెనక వరుసలో కూర్చుని ఉన్నాడు. వాళ్లమ్మ ఆడవాళ్ల వైపు ఉన్నది. వచ్చే వారం ప్రయాణమట. నాయనా, ఆ రోజు నీవు అడిగిన ప్రశ్నకు ఇదీ జవాబు. అలవాటు పడతావు, కాని నాలుగు రోజుల్లో కాదు. నీళ్లు తాగు. కాగితాలు దగ్గర పెట్టుకో. దుప్పటి తీసుకుపో. వారానికొకసారి అమ్మతో నిజం మాట్లాడు. అమ్మా, మీరూ అంతే.

 అల్లాహ్ మన బిడ్డలందరినీ క్షేమంగా తీసుకుపోయి, క్షేమంగా తిరిగి తీసుకురావాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాము. ఖుదా హాఫిజ్.